మన కొవ్వులో పురుగుమందు: దానిని కొలుచుట యెట్లు?

నేరేడుచర్ల చుట్టుపట్ల పొలములకు నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరే ఆధారము. 1967 ఆగస్టు 4న సాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట ఈ ప్రాంతపు మెట్ట చేలు క్రమముగా వరిమళ్లుగా మారినవి. వడ్లతోపాటు బియ్యపు మిల్లులును వచ్చినవి. వరి వచ్చిన చోటికి దానిని తిను పురుగులును వచ్చును; పురుగుల వెంట మందులును వచ్చును. కాండము తొలుచు పురుగు, సుడిదోమ, ఆకుముడత అను పేర్లు మా విద్యార్థులకు పాఠ్యపుస్తకములలోని పేర్లకన్న బాగుగా తెలియును.

ఒకనాడు క్లోరిను సమ్మేళనములను గూర్చి పాఠము చెప్పుచుండగా, వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచి, “సార్, మా తాత ఇరవై ఏండ్లు ఒట్టి చేతులతోనే బి.హెచ్.సి. పొడి చల్లిండట. ఆ మందు ఇంకా ఆయన ఒంట్ల ఉంటదా? ఉంటే ఎంతుందో లెక్క చెప్పొచ్చా?” అని అడిగెను. తరగతిలో కొందరు నవ్విరి. కాని అది నవ్వదగిన ప్రశ్న కాదు. దానికి సమాధానము వెదకుటకు రసాయన శాస్త్రజ్ఞులకు అనేక సంవత్సరములు పట్టినది. ఆ సమాధానమునే ఈ వ్యాసములో తెలిసికొందము.

నీటిని విడిచి కొవ్వును చేరుట

మన శరీరము లోనికి వచ్చిన అనవసర పదార్థములలో నీటిలో కరగునవి మూత్రముతో వెలికి పోవును. కరగనివి పోవుటకు దారి దొరకక ఎక్కడనో ఒకచోట తిష్ఠవేయును. నల్లగొండ ప్రాంతము వారికి దీనికొక ఉదాహరణము చెప్పనక్కరలేదు. త్రాగునీటిలోని ఫ్లోరైడు ఎముకలలో చేరి వాటిని వంకర చేయుట మన కన్నుల యెదుటనే యున్నది. ఫ్లోరైడుకు ఎముక యెట్టిదో, డి.డి.టి., బి.హెచ్.సి. వంటి క్లోరిను పురుగుమందులకు కొవ్వు అట్టిది.

డి.డి.టి. నీటిలో దాదాపుగా కరగదు. కొవ్వు వంటి ద్రవములో మాత్రము నీటిలోకన్న పది లక్షల రెట్లకు పైగా కరగును. కావున అది ఆహారముతో లోపలికి వచ్చినపుడు రక్తములోని కొవ్వు నాశ్రయించి ప్రయాణము చేసి, పొట్ట చర్మము క్రింద, మూత్రపిండముల చుట్టును ఉండు మేదస్సులో నిలిచిపోవును.

ఈ గుణమును తరగతిలో చూపుటకు ప్రయోగశాల కూడ అక్కరలేదు. ఒక గాజు సీసాలో నీరు పోసి చిటికెడు పసుపు కలుపుడు. దానిలో రెండు చెంచాల వేరుసెనగ నూనె పోసి, మూత బిగించి బాగుగా కుదిపి, కొంతసేపు కదలింపక ఉంచుడు. నూనె పైకి తేలును. పసుపు వన్నె చాలవరకు నీటిని విడిచి నూనెలోనికి ఎక్కును. పసుపులోని రంగు పదార్థమునకు నీటికన్న నూనెయే ఇష్టము. మనము ముందు చెప్పబోవు ప్రయోగశాల పద్ధతులలో సగము ఈ సీసాలోనే ఉన్నవి.

పొలములో చల్లిన మందు మనిషిని చేరు దారియు ఇట్టిదే. మందు వరిగడ్డిపై పడును. గడ్డిని గేదె తినును. గేదె పాలలోని వెన్నలో మందు చేరును. వెన్న కాచిన నెయ్యి మన కంచములోనికి వచ్చును. వడ్లను దంచినపుడు కూడ నూనె యెక్కువగా నుండు తవుడులో అది యెక్కువగాను, తెల్లని బియ్యములో తక్కువగాను ఉండును.

మన దేశపు అనుభవము

డి.డి.టి.ని 1874లో ఓత్మార్ జైడ్లర్ అను రసాయనజ్ఞుడు మొదట తయారు చేసెను గాని, దాని ఉపయోగ మతనికి తెలియదు. అది కీటకములను చంపునని 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ కనుగొనెను. దీనికి ఆయనకు 1948లో నోబెల్ బహుమానము లభించెను.

ఆ బహుమానము అర్హమైనదే. మలేరియా క్రిమి దోమలో పెరుగునని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదు బేగంపేటలోనే. అయినను దోమను అదుపుచేయు చవుకైన సాధనము అర్ధశతాబ్దము వరకు మనకు దొరకలేదు. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశములో ఏటేట సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చుచుండెననియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము మొదలైనది. ఇంటింట గోడలకు డి.డి.టి. చల్లిరి. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగినది. ఈ మందు కాపాడిన ప్రాణములను మరచి దానిని నిందించుట న్యాయము కాదు.

కాని ప్రతి మేలుకును ఒక లెక్క ఉండును. అమెరికాలో 1951లోనే సామాన్య ప్రజల కొవ్వులో పది లక్షల భాగములకు సుమారు 5 భాగముల డి.డి.టి. ఉన్నట్లు తేలినది. 1965లో డేల్, కోప్‌లాండ్, హేస్ అను శాస్త్రజ్ఞులు భారతదేశపు ప్రజల కొవ్వును పరీక్షించిన ఫలితములను ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించిరి. ఢిల్లీ ప్రాంతపు వారిలో డి.డి.టి., దానినుండి పుట్టిన పదార్థములు కలిసి పది లక్షలకు సగటున ఇరువది భాగములకు మించి ఉండెను. ఆనాటికి ప్రపంచములో సామాన్య ప్రజలలో కొలిచిన మిక్కిలి హెచ్చు విలువలలో అది యొకటి. 1984లో ఢిల్లీ ఆసుపత్రులలోని రోగుల కొవ్వును, రక్తమును మన శాస్త్రజ్ఞులే పరీక్షించి, డి.డి.టి.తోపాటు బి.హెచ్.సి. కూడ ఉన్నట్లు చూపిరి. 1993లో భారత వైద్య పరిశోధన మండలి 12 రాష్ట్రములనుండి తెచ్చిన 2,205 పాల నమూనాల ఫలితములను ప్రకటించెను. సుమారు 82 శాతము నమూనాలలో డి.డి.టి. ఉండెను, 37 శాతములో అది కిలోకు 0.05 మిల్లీగ్రాము అను హద్దును దాటినది.

ఇట్టి కొలతలే తరువాతి నిర్ణయములకు ఆధారములైనవి. మన దేశములో 1989లో డి.డి.టి.ని వ్యవసాయమున నిషేధించి, రోగ నివారణకు మాత్రము పరిమితము చేసిరి. 1997లో బి.హెచ్.సి.ని నిషేధించిరి. 2011లో సర్వోన్నత న్యాయస్థానము ఎండోసల్ఫానును ఆపించెను.

ఎంత చిన్న మొత్తము?

‘పది లక్షలకు ఒక భాగము’ అనగా నేమి? మా ఊరి మిల్లుల లెక్కలో చెప్పుదును. లావు రకపు బియ్యపు గింజలు వెయ్యి తూచినచో సుమారు 20 గ్రాములుండును. అపుడు పది లక్షల గింజలు 20 కిలోలు. అనగా 20 కిలోల సంచిలో ఒక్క గింజకు రంగు వేసి కలిపినచో అది పది లక్షలకు ఒక భాగము. సన్నరకపు బియ్యమైనచో సంచి ఇంకను చిన్నదగును. విద్యార్థులు వెయ్యి గింజలు లెక్కించి తూచి ఈ లెక్కను స్వయముగా సరిచూడవచ్చును.

ఇది కొవ్వులో నుండు పాలు మాత్రమే. పరీక్షకు దొరకు కొవ్వు అర గ్రాము మించదు. పరికరములోనికి పంపునది దానిలో కొద్ది భాగమే. కావున నిజముగా కొలువవలసినది నానోగ్రాములలో, ఒక్కొక్కపుడు పైకోగ్రాములలో ఉండును. ఒక బియ్యపు గింజను రెండు కోట్ల ముక్కలు చేసినచో ఒక ముక్క ఒక నానోగ్రాము. దానిని మరల వెయ్యి ముక్కలు చేసినచో ఒక్కొక్కటి పైకోగ్రాము.

నమూనా తీయుట

కొవ్వు నమూనాను సాధారణముగా రెండు విధముల సేకరింతురు. పొట్టకు శస్త్రచికిత్స జరుగునపుడు రోగి అనుమతితో చిన్న ముక్క తీయుట మొదటిది. మరణానంతర పరీక్షలో తీయుట రెండవది. సూదితో కొద్దిగా పీల్చి తీయు పద్ధతియు కలదు.

ఇచ్చట చేసిన పొరపాటును ఎంత గొప్ప పరికరమైనను సరిదిద్దలేదు. ముక్కను ప్లాస్టిక్కు డబ్బాలో వేయరాదు. ప్లాస్టిక్కును మెత్తపరచుటకు కలుపు థాలేట్లు అను పదార్థములు కొవ్వులోనికి దిగి, తరువాత పురుగుమందువలె కనిపించి మోసపుచ్చును. అందుచేత ద్రావణితో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలను, టెఫ్లాను పొర గల మూతలను మాత్రమే వాడుదురు. నమూనాను సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో దాచుదురు. మనిషి వయస్సు, వృత్తి, ఆహారము, నివాసము వ్రాసికొందురు. పేరు మాత్రము బయట పెట్టరు. ఈ వివరములు లేని నమూనా చిరునామా లేని ఉత్తరము వంటిది.

కొవ్వును బయటికి తీయుట

కొవ్వు కణజాలమంతయు కొవ్వు కాదు; దానిలో నీరు, మాంసకృత్తులు కూడ ఉండును. మొదట ముక్కను తూచి, అనార్ద్ర సోడియం సల్ఫేటుతో కలిపి కల్వములో నూరుదురు. ఆ లవణము నీటిని పీల్చుకొనగా ముద్ద పొడిపొడియగును. ఆ పొడినుండి హెక్సేను లేక పెట్రోలియము ఈథరుతో కొవ్వును కరగించి తీయుదురు. దీనికి చాల కాలమునుండి వాడుకలో నున్నది సాక్స్‌లెట్ పరికరము. దీనిని 1879లో ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ పాలలోని వెన్నను కొలుచుటకు కనిపెట్టెను. అడుగు కుప్పెలో ద్రావణి మరగి ఆవిరియై, పైన చల్లబడి, పొడిమీద బొట్లుబొట్లుగా పడి, గొట్టము నిండగానే మరల కుప్పెలోనికి జారును. కొద్దిపాటి ద్రావణియే మాటిమాటికి శుద్ధమై వచ్చి కడుగుచుండును.

ఈ ద్రావణములో కొంత భాగమును ఆవిరిచేసి మిగిలిన కొవ్వును తూచుదురు. ఈ తూకము అత్యవసరము. ఒకరి ముక్కలో కొవ్వు 60 శాతము, మరియొకరి ముక్కలో 85 శాతము ఉండవచ్చును. వారిని పోల్చవలెనన్నచో మందును ముక్క తూకమునకు గాక దానిలోని శుద్ధమైన కొవ్వు తూకమునకు లెక్కకట్టవలెను.

కొవ్వునుండి మందును విడదీయుట

ఇపుడే అసలు చిక్కు వచ్చును. మందును తెచ్చుటకు కొవ్వునంతయు తెచ్చితిమి. మందు ఒక పాలు, కొవ్వు లక్ష పాళ్లు. ఈ కొవ్వు పరికరములోనికి పోయినచో దాని గొట్టమునంతయు పాడుచేయును. అందుచేత శుద్ధిచేయుట అవసరము.

మొదటి మార్గము మన పసుపు సీసా వంటిది. హెక్సేనుతో కలియక వేరుగా నిలుచు అసిటోనైట్రైల్ అను ద్రావణి కలదు. రెంటిని కలిపి కుదిపినచో కొవ్వు హెక్సేనులోనే ఉండిపోవును. మందు చాలవరకు అసిటోనైట్రైల్‌లోనికి దిగును. పిమ్మట దానిలో ఉప్పునీరు ఎక్కువగా పోసి, మందును మరల కొత్త పెట్రోలియము ఈథరులోనికి రప్పించుదురు.

రెండవది స్తంభము. ఒక గాజు గొట్టములో ఫ్లోరిసిల్ అను మెగ్నీషియము సిలికేటు పొడిని నింపి, పైన ద్రావణమును పోయుదురు. పొడి కణములు కొవ్వును గట్టిగాను, మందును వదులుగాను పట్టుకొనును. పెట్రోలియము ఈథరులో 6 శాతము డైఇథైల్ ఈథరు కలిపి పోసినచో డి.డి.టి., బి.హెచ్.సి. వంటివి దిగివచ్చును. 15 శాతము కలిపినచో డీల్‌డ్రిన్, ఎండ్రిన్ వచ్చును. ఇట్లు శుద్ధియు, వింగడింపును ఒకేసారి జరుగును.

మూడవది గాఢ గంధకామ్లముతో కడుగుట. ఆమ్లము కొవ్వును నాశనము చేయును, డి.డి.టి.ని తాకదు. ఇది చవుక, కాని డీల్‌డ్రిన్ వంటి మందులు కూడ కొవ్వుతోపాటు నశించును. ఆమ్లముతో కడిగిన నమూనాలో డీల్‌డ్రిన్ కనబడలేదని చెప్పుట, గుడ్డలు ఉతికిన పిమ్మట వాటిపై దుమ్ము లేదని చెప్పుట వంటిది. పద్ధతిని తెలియక ఫలితమును నమ్మరాదనుటకు ఇది మంచి నిదర్శనము.

నీలి రంగు పద్ధతి

విడదీసిన మందును మొదటి దినములలో రంగుతో కొలిచెడివారు. 1945లో షెక్టర్, హాలర్ మున్నగువారు ప్రకటించిన పద్ధతిలో, మిగిలిన పదార్థమును నత్రికామ్ల గంధకామ్ల మిశ్రమముతో వేడిచేసి, బెంజీనులో కరగించి, సోడియము మిథాక్సైడు కలుపుదురు. డి.డి.టి. ఉన్నచో చక్కని నీలి రంగు వచ్చును. రంగు చిక్కదనమును బట్టి మొత్తమును నిర్ణయింతురు. మానవుల కొవ్వులో డి.డి.టి. ఉన్నదని తొలిసారి తేలినది ఇట్టి పద్ధతుల వలననే.

కాని దీనికి పరిమితులు కలవు. శరీరములో డి.డి.టి. కొంత హైడ్రోజను, కొంత క్లోరిను కోల్పోయి డి.డి.ఇ. అను పదార్థముగా మారును. అది ఎర్రని రంగునిచ్చి నీలిరంగుతో కలియును. బి.హెచ్.సి.కి మరియొక పరీక్ష కావలెను. నానోగ్రాములను ఈ పద్ధతి పట్టలేదు.

వాయు వర్ణలేఖనము

సుద్దముక్క అడుగున సిరాచుక్క పెట్టి నీటిలో నిలిపినచో, నీరు పైకి ప్రాకినకొలది సిరాలోని రంగులు విడివడును. రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు త్స్వెట్ ఆకులలోని రంగులను ఇట్లే స్తంభములో విడదీసి, ఆ పద్ధతికి వర్ణలేఖనమని పేరు పెట్టెను. 1952లో జేమ్స్, మార్టిన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు ద్రవమునకు బదులు వాయువును ప్రవహింపజేసి వాయు వర్ణలేఖనమును రూపొందించిరి.

దీనిలో సన్నని గొట్టము నొక పొయ్యిలో ఉంచుదురు. నేటి గొట్టములు 30 మీటర్ల పొడవు, మిల్లీమీటరులో నాల్గవ వంతు లోపలి వ్యాసము గల క్వార్ట్జు వెంట్రుకల వంటివి. లోపలి గోడకు సిలికోను జాతి పూత ఉండును. మైక్రోలీటరు ద్రావణమును సూదితో లోనికి పంపగా అది ఆవిరియై నత్రజని లేక హీలియము వెంట పయనించును. పూతతో చెలిమి ఎక్కువగా నున్న పదార్థము మెల్లగా, తక్కువగా నున్నది త్వరగా వెలికి వచ్చును. జాతరకు బయలుదేరిన గుంపులో దారిపొడవున దుకాణముల యొద్ద ఆగువారు వెనుకబడినట్లే. ఒక్కొక్క పదార్థము వచ్చు సమయము నిశ్చితము. ఆ సమయమే దాని గుర్తు.

వచ్చినదానిని పసిగట్టుటకు 1957లో లండనులో జేమ్స్ లవ్‌లాక్ కనిపెట్టిన ఎలక్ట్రాన్ గ్రాహక శోధకమును వాడుదురు. చిన్న గదిలో రేడియోధార్మిక నికెలు రేకు ఉండును. దానినుండి వెడలు బీటా కణములు వాయువును తాకి నెమ్మదిగా తిరుగు ఎలక్ట్రానులను పుట్టించును. వాటివలన స్థిరమైన స్వల్ప విద్యుత్ప్రవాహము జరుగుచుండును. క్లోరిను గల అణువు రాగానే అది ఎలక్ట్రానులను పట్టుకొనును, ప్రవాహము తగ్గును. ఆ తగ్గుదల కాగితముపై శిఖరముగా నమోదగును. శిఖరపు వైశాల్యమే మందు మొత్తమునకు కొలత. హెక్సేను, కొవ్వు వంటివి ఎలక్ట్రానులను అంతగా పట్టవు; క్లోరిను మందులు గట్టిగా పట్టును. అందుచేత ఈ శోధకము సంతలో మన ఊరివాని గొంతును గుర్తించినట్లు పైకోగ్రాముల మందును గుర్తించును.

పొరపడిన శిఖరములు

ఇంతటి సున్నిత పరికరము కూడ మోసపోయిన సందర్భము కలదు. 1960 తరువాత అనేక దేశముల ప్రయోగశాలలలో డి.డి.టి. శిఖరముల సరసన గుర్తు తెలియని శిఖరములు కనిపించుచుండెను. స్వీడనులో సోరెన్ జెన్‌సెన్ అను రసాయనజ్ఞుడు వాటిని విడువక వెంబడించెను. వస్తుప్రదర్శనశాలలో దాచిన 1944 నాటి గ్రద్ద ఈకలలో కూడ అవియే కనబడెను. ఆనాటికి డి.డి.టి. అచ్చట వ్యాపింపలేదు. కావున అవి డి.డి.టి.నుండి పుట్టినవి కావు. విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలలో వాడు పాలీక్లోరినేటెడ్ బైఫినైళ్లు అని 1966లో ఆయన తేల్చెను. అంతకు ముందు ప్రకటించిన కొన్ని డి.డి.టి. విలువలలో వీటి పాలు కూడ కలిసియుండెనని అప్పుడు తెలిసినది.

నాటినుండి ఒక్క శిఖరమును చూచి పేరు పెట్టరు. వేరు పూత గల రెండవ గొట్టములో కూడ సరియైన సమయమునకు వచ్చినదా యని చూతురు. అంతకన్న నమ్మకమైన సాక్షి ద్రవ్యరాశి వర్ణపటమాపకము. అది అణువును ముక్కలు చేసి ముక్కల బరువును తూచును. డి.డి.టి.నుండి వచ్చు ముఖ్యమైన ముక్క బరువు 235. దానిలో రెండు క్లోరిను పరమాణువులు కలవు. ప్రకృతిలో క్లోరిను 35, 37 బరువులు గల రెండు రూపములలో ఇంచుమించు 3:1 పాళ్లలో ఉండును. మూడును ఒకటిని కూడి వర్గము చేసినచో 9, 6, 1 పదములు వచ్చును. కావున 235, 237, 239 బరువుల ముక్కలు 9:6:1 పాళ్లలో కనబడవలెను. ఎనిమిదవ తరగతి బీజగణిత సూత్రము ఇట్లు పురుగుమందును పట్టియిచ్చు సాక్షి యగుచున్నది!

ఒక లెక్క

లెక్కకొరకు ఊహించిన ఒక ఉదాహరణమును చూతము. ముక్క తూకము 0.5 గ్రాము, దానిలో కొవ్వు 0.4 గ్రాము. శుద్ధిచేసిన ద్రావణమును 10 మిల్లీలీటర్లు చేసి, దానిలో 1 మైక్రోలీటరును పరికరములోనికి పంపితిమి. శిఖరమును ప్రమాణ ద్రావణపు శిఖరముతో పోల్చగా 0.2 నానోగ్రాము డి.డి.ఇ. అని తేలినది.

10 మిల్లీలీటర్లు అనగా 10,000 మైక్రోలీటర్లు. మొత్తము మందు 0.2 × 10,000 = 2,000 నానోగ్రాములు, అనగా 2 మైక్రోగ్రాములు. దీనిని 0.4 గ్రాముతో భాగింపగా గ్రాము కొవ్వుకు 5 మైక్రోగ్రాములు, అనగా పది లక్షలకు 5 భాగములు. ముక్క తూకముతో భాగించినచో 4 మాత్రమే వచ్చును. కావున ‘కొవ్వు తూకమునకు’ అని వ్రాయని అంకె అసంపూర్ణము.

ఇంకొక ప్రశ్న కలదు. దారిలో ఎంత మందు పోయినది? దీనిని తెలిసికొనుటకు మందు లేని కొవ్వులో తెలిసిన మొత్తమును కలిపి, అదే పద్ధతిలో నడిపించి చూతురు. 100 పాళ్లు కలిపినచో 80 పాళ్లే దొరికినవనుకొనుడు. అపుడు 5ను 0.8తో భాగించి 6.25 అని సరిదిద్దవచ్చును. దానితోపాటు నమూనా లేకుండ ఉత్త ద్రావణులను మాత్రమే నడిపించి ‘ఖాళీ పరీక్ష’ చేయుదురు. ఖాళీ పరీక్షలో కూడ శిఖరము వచ్చినచో ఆ మందు మనిషిలోనిది కాదు, మన గాజు సామానులోనిది! నేటి ప్రయోగశాలలలో బరువైన కార్బను పరమాణువులతో చేసిన డి.డి.టి.ని మొదటనే నమూనాలో కలిపి, అది యెంత నష్టపడినదో చూచి అసలు మందు నష్టమును లెక్కింతురు. ఈ జాగ్రత్తలు చెప్పని ఫలితమును, అది ఎంత భయంకరముగా నున్నను, ఎంత ఊరటగా నున్నను, నమ్మరాదు.

కొవ్వా, రక్తమా, పాలా?

కేవలము పరీక్షకొరకు మనిషి శరీరమును కోయుట తగదు. కొవ్వులోని మందునకును, రక్తములోని కొద్దిపాటి కొవ్వులో నుండు మందునకును సమతౌల్యము ఉండును. అందుచేత నేడు చాలవరకు రక్తమునే పరీక్షించి, దానిలోని కొవ్వును వేరుగా కొలిచి, గ్రాము కొవ్వుకు లెక్కకట్టుచున్నారు. 2001లో కుదిరి 2004లో అమలునకు వచ్చిన స్టాక్‌హోం ఒప్పందము క్రింద మానవులలో ఇట్టి విషములను గమనించుటకు తల్లిపాలను, రక్తమును ఎన్నుకొన్నారు. తల్లిపాలలో మందు కనబడినంతమాత్రమున బిడ్డకు పాలు మాన్పరాదు. పాలవలన బిడ్డకు కలుగు మేలు మిక్కిలి గొప్పదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కొలత భయపెట్టుటకు కాదు, మందును మూలమున ఆపుటకు.

మరియొక మాట. మోనోక్రోటోఫాస్ వంటి భాస్వరపు మందులు కొవ్వులో ఏండ్ల తరబడి నిలువవు. శరీరములో త్వరగా విరిగి మూత్రముతో పోవును. వాటిని మూత్రములోని విచ్ఛిన్న పదార్థములను బట్టియు, రక్తములోని కోలినెస్టరేస్ అను ఎంజైము తగ్గుదలను బట్టియు కనిపెట్టవలెను. కొవ్వులో లేవు గనుక అవి సాధువులని అనుకొనరాదు. అవి కొద్ది గంటలలోనే ప్రాణము తీయగలవు.

అంకె యేమి చెప్పును?

పది లక్షలకు 5 భాగములు అను అంకె ఒక మనిషికి రోగము వచ్చునని గాని రాదని గాని చెప్పజాలదు. 2015లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ లిండేనును మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముల వర్గములోను, డి.డి.టి.ని బహుశః కలిగింపగల వాటి వర్గములోను చేర్చెను. ఇట్టి నిర్ణయములు ఒక్కరి అంకెవలన గాక వేలమంది అంకెలను, వారి ఆరోగ్యమును కలిపి చూచుట వలన వచ్చును. డి.డి.టి.కన్న డి.డి.ఇ. చాల ఎక్కువగా నున్నచో మందు పాతదనియు, డి.డి.టి. పాలు హెచ్చుగా నున్నచో ఇటీవలనే వచ్చినదనియు ఊహింపవచ్చును.

ఇపుడు మా విద్యార్థి తాతగారి సంగతి. బి.హెచ్.సి. పొడిలో అనేక ఐసోమర్లు కలవు. వాటిలో బీటా ఐసోమరు మొండిది. శరీరములో అది సగము తగ్గుటకు సుమారు ఏడేండ్లు పట్టును. కొత్తగా మందు చేరనిచో, 1997లో 16 పాళ్లున్నది 2004కు 8, 2011కు 4, 2018కు 2, 2025కు 1 పాలు అగును. ఇది స్థూలమైన లెక్క. మనిషి లావెక్కినను, చిక్కినను మారును. చిక్కినపుడు కొవ్వు తగ్గి, దానిలోని మందు రక్తములోనికి వచ్చును. అయినను ఆ విద్యార్థితో నేను చెప్పగలిగిన దిది: “మీ తాతగారి ఒంటిలో అది ఇంకను కొంత ఉండవచ్చును. రక్తములో కొలువవచ్చును. దానిని కడిగివేయు మందు లేదు. కాని ఏటేట అది తగ్గుచున్నది. నిషేధము ఆయనకు ఆలస్యముగా వచ్చినది. నీకు సకాలమున వచ్చినది.”

ఆ పిల్లవాడు కొంతసేపు ఊరకుండి, “అయితే సార్, ఇప్పుడు మేము కొడుతున్న మందుల సంగతి ఎవరు కొలుస్తున్నరు?” అని అడిగెను. ఇది మొదటి ప్రశ్నకన్న మంచి ప్రశ్న. డి.డి.టి. వాడుక మొదలైన పిమ్మట మన కొవ్వును కొలుచుటకు, కొలిచిన పిమ్మట పొలమున దానిని ఆపుటకు దశాబ్దములు గడచినవి. తరువాతి మందు విషయములో ఆ ఆలస్యము తగ్గవలెనన్నచో తూచుట, కొలుచుట, ఖాళీ పరీక్ష చేయుట తెలిసిన యువకులు మన పల్లెలనుండియే రావలెను. పసుపు సీసాతోను, వెయ్యి బియ్యపు గింజలతోను ఆ పాఠము ఏ పాఠశాలలోనైనను ఈ వారమే మొదలు పెట్టవచ్చును.